మోత విని కొన్న బ్రేకు డ్రమ్ములు

హిందూపురం,
గురువారం, మధ్యాహ్నం.

మా అక్క గంగమ్మకు,

నీ తమ్ముడు నరసింహులు దూరం నుంచే నీ కాళ్ళకు మొక్కి రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ నేను తింటున్నాను, తిరుగుతున్నాను, ఒంట్లో జబ్బేమీ లేదు. అక్కడ నువ్వు, బావ, రత్నమ్మ, అవ్వ, మిగిలిన నాలుగు గొర్రెలు అందరూ బాగుండాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. అవ్వ మోకాళ్ళ సంగతి పోయిన ఉత్తరంలో రాయించలేదు నువ్వు. వాపు తగ్గిందా? ఆముదం పట్టు వేస్తున్నారా, లేక ఆమె వద్దంటే మీరూ సరేనని ఊరుకున్నారా?

అయ్యవారికి నమస్కారం. అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించేది మీరే గనుక, మీరు బెత్తం పట్టుకుని ఐదో తరగతిలో నేర్పిన భాషలోనే రాస్తున్నాను. తప్పులుంటే మనసులో దిద్దుకోండి, మా అక్క ముందర దిద్దకండి. ఇంకొక మనవి. ఈసారి అరుగు మీద నలుగురిలో కూర్చుని చదవవద్దు. లోపల కూర్చుని చదవండి. ఎందుకో పోనుపోను మీకే తెలుస్తుంది.

అక్కా, బాగున్నానని రాశాను గానీ చాలా అలసిపోయాను. పని ఎక్కువై కాదు. పనికేం, మన చేలో రాళ్ళు ఏరినదానికన్నా ఇది కష్టమా? వానలు పడక, గొర్రెలు అమ్ముకుని ఈ ఊరొచ్చి రెండేళ్ళు దాటింది. ఒక్కరోజు కూడా పనికి ఒళ్ళు దాచుకోలేదు. కానీ ఈ మధ్య పొద్దున లేస్తే రాత్రి నిద్రే పోనట్టుంటుంది. అన్నం ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు, తినబుద్ధీ కాదు. ఓటలు వాడు పెట్టే అన్నం తెల్లగా, మల్లెమొగ్గల్లాగానే ఉంటుంది, కానీ కడుపులో నిలబడదు. మధ్యాహ్నం మూడు గంటలకల్లా మళ్ళీ ఆకలి. సంగటి ముద్ద, దాని మీద నీ చేతి ఊరిమిండి పచ్చడి, అవి తలుచుకుంటే చాలు నాలుక పీకుతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే శనక్కాయల పొడి కొంచెం కట్టి పంపు. దాంతో పాటు నీ పాత చీరలు చినిగినవి ఉంటే ఆ ముక్కలు కూడా పంపు. చేతులు తుడుచుకోవడానికి బస్సుల షెడ్డులో ఇచ్చే దూది పనికిరాదు. ఈ బ్రేకుల నల్ల దుమ్ము గోళ్ళ కిందకి పోయిందంటే సబ్బుకు లొంగదు.

ఎండలు ముదిరాయి. షెడ్డు వెనక రేకుల గదిలో ఉంటున్నాను గదా, పగలు అందులో పేలాలు వేయించుకోవచ్చు. ఊరంతా చింతపండు బండ్లే. బజారులో నడిస్తే నోట్లో నీళ్ళూరుతాయి, కళ్ళలో దుమ్ము పడుతుంది. సగం మంది కన్నడం మాట్లాడతారు, నాకూ వచ్చేసింది. మొన్న నిద్రలో కన్నడంలో పలవరించానట. అది విని నాకే దిగులేసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. నేను చేసే పని నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే అది తెలియకపోతే మిగిలింది అర్థం కాదు.

బస్సు చక్రం లోపల పోతపోసిన ఇనప డ్రమ్ము ఒకటి ఉంటుంది. పెద్ద మూకుడును పక్కకు నిలబెట్టినట్టు ఉంటుంది. చక్రంతో పాటు తిరుగుతుంది. దాని కడుపులో లైనింగు అని వంపు తిరిగిన పట్టీలు రెండుంటాయి. డ్రైవరు కాలితో తొక్కితే ఆ పట్టీలు విచ్చుకుని డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. అప్పుడు చక్రం ఆగుతుంది. ఇంతే బ్రేకంటే. పట్టీలు అరిగితే కొత్తవి వేస్తాం, దానిదేముంది, చెప్పుకు అట్ట వేయించినట్టు. కానీ డ్రమ్ము కూడా అరుగుతుందక్కా. ఇనుము అరుగుతుందా అనకు. మన బావి గట్టు రాయిని చేంతాడు కోయలేదా?

డ్రమ్ములో గాట్లు పడితే లేతు అనే తిరుగుడు మిషను మీద పెట్టి లోపల చెక్కించి నునుపు చేస్తారు. చెక్కిన ప్రతిసారీ పలచబడుతుంది. ఒకసారి, రెండుసార్లు ఫర్వాలేదు. ఆ తర్వాత వేడికి తట్టుకోలేదు. దిగుడు రోడ్డులో నాలుగుసార్లు బ్రేకు తొక్కితే కాలిపోయి విచ్చుకుంటుంది, పట్టీకి అందదు, డ్రైవరు కాలు కింద నేల పలక దాకా దిగిపోతుంది. ఎప్పుడు చెక్కాలి, ఎప్పుడు పారేయాలి అన్నదే ఈ పనిలో ఉన్న విద్య అంతా. మా మేస్త్రీ పీరు సాబు అరవై ఏళ్ళవాడు. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. అయినా వేలితో తడిమి చెప్తాడు. "గోరు తగిల్తే చెక్కురా. గోరు దిగబడితే మార్చు" అంటాడు. లోపల నీలం మచ్చలు పడ్డాయా, వెంట్రుక లాంటి పగుళ్ళున్నాయా, అంచున గట్టు లేచిందా, కాల్చిన కొమ్ము వాసన వస్తుందా, తొక్కినప్పుడు డ్రైవరు కాలి కింద అదురుతుందా, ఇవన్నీ అడుగుతాడు. వైద్యుడు రోగిని అడిగినట్టే.

ఓబులేసు నీకు తెలుసు. గాండ్లపెంట వాడు, పోయిన ఏడు మన ఇంటికొచ్చి నీ చేతి సంగటి తిని రెండో ముద్ద అడిగినవాడు. నన్ను ఈ షెడ్డులో చేర్పించింది అతనే. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సుకు డ్రైవరు. రెండు నెలల కిందట ఒక సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టి దిగాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సాబూ, ఈ పొద్దు బ్రేకు తొక్కింది నేను గాదు, దేవుడు. పెనుకొండ దిగుట్లో కాలు పలకకు తగిలిపాయ. మూడు మాట్లు తొక్కితే గానీ పట్టుకోలే" అన్నాడు.

"కాలి కింద అదురుతాండాదా?"

"నాడి కొట్టుకున్నట్ల కొట్టుకుంటాండాది."

పీరు సాబు వెనక చక్రాలు ఊడదీయించి, డ్రమ్ముల లోపల వేళ్ళు ఒకసారి తిప్పి, నేల మీదికి తోసేశాడు. ఓనరు అక్కడే ఉన్నాడు. మా ఓనరు చెడ్డవాడు కాదక్కా, కానీ కొత్త సామాను అనేసరికి పంటి నొప్పి వచ్చినవాడి మాదిరి అయిపోతాడు. "ఇంకోసారి చెక్కిస్తే రాదా సాబూ? పోనీ ఒక పక్కన్నా మారుద్దాం. కుడి పక్కది బాగుండాది కదా" అన్నాడు.

"చెక్కితే కాగితమైతాది. ఒక పక్క మారిస్తే ఏమైతాదో తెల్సా? ముసలెద్దును, కోడెను ఒక కాడికి కట్టి చూడండి, బండి యాడికి పోతాదో. జత మార్చాల్సిందే" అన్నాడు సాబు.

కొత్తవి కావాలంటే మూడు నెలలు ఆగాలన్నారు. అందుకని బెంగళూరులో పాత మిలిటరీ సామాను అమ్మే అంగళ్ళలో వెదకాలని అనుకున్నారు. ఆ వారమే సాబుకు కంటి ఆపరేషను. దాంతో నన్ను పిలిచి, "నా తర్వాత వీడే. వీడు పోయి తెస్తాడు" అన్నాడు, అందరి ముందర. ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. చేతికి ఒక ఇనప పుల్ల ఇచ్చాడు. "దీన్ని డ్రమ్ము లోపల అడ్డంగా పెట్టు. రెండు పక్కలా తగిలి బిగువుగా నిలబడితే తీసుకో. వదులుగా జారిందంటే ముందే ఎవడో చెక్కిపారేసినాడని. అట్లాటిది ఊరికే ఇచ్చినా వద్దు" అని మూడుసార్లు చెప్పాడు.

బెంగళూరులో ఆ అంగళ్ళు చూడాలి నువ్వు. ఇనుము కొండల్లాగా పోసి ఉంటుంది. చూస్తూనే నాకేం గుర్తొచ్చిందో తెలుసా? కదిరి సంతలో కుండల రాశి. నువ్వు గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కుండనూ ఎత్తి, వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేదానివి. "ఇది పగులు. ఇది పచ్చి. ఇది మంచిది" అని పక్కన పెట్టేదానివి. కుమ్మరాయన నిన్ను చూస్తూనే తలకాయ పట్టుకునేవాడు. నేనూ అట్లే చేశాను. డ్రమ్మును తాడుకు వేలాడదీసి, స్పానరుతో కొట్టి విన్నాను. బొద్దుమన్నవి తోసేశాను. గంటసేపటికి ఒక జత దొరికింది. కొడితే ఖంగుమని, దేవళంలో గంట కొట్టి వదిలినట్టు చాలాసేపు మోగాయి.

అంగడివాడు నన్ను మెచ్చుకున్నాడు. "చెవి ఉండే మనిషివి గదప్పా నువ్వు. ఇట్ల కొట్టి చూసి కొనేవాడు నూటికొకడు" అన్నాడు. నేను ఆ పొగడ్తకు పొంగిపోయాను. పుల్ల సంచిలోనే ఉంది. సంచి భుజానే ఉంది. తీయాలని కూడా తోచలేదు. అక్కా, మంచి కుండ ఎట్ల ఏరాలో నువ్వు నాకు రెండు మాటలు నేర్పావు. నీళ్ళకైతే మోత చూడు, పొయ్యి మీదికైతే మందం చూడు అని. పలచటి కుండే ఎక్కువసేపు మోగుతుంది, కానీ మంట తగిలితే పగులుతుంది అని. నేను సగం పాఠమే గుర్తుపెట్టుకున్నాను. బ్రేకు డ్రమ్ము పొయ్యి మీద పెట్టే కుండ అని నా బుర్రకు తట్టలేదు.

వచ్చి బిగించాను. మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. పీరు సాబు పెట్టింది. బ్రేకు కట్టినవాడు మొదటి ట్రిప్పులో డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ధర్మవరం దాకా పోయి రావాలి. వాడు ఎక్కని బస్సును ఇంకెవరూ ఎక్కకూడదంటాడు. నేనూ ఎక్కాను. ఆ రోజు జనం పలచగా ఉన్నారు, పదిమంది కూడా లేరు. పెనుకొండ దిగుట్లో నా కాళ్ళు వాటంతట అవే కింద పలకను తొక్కుతున్నాయి. బ్రేకు బాగా పట్టుకుంది. ఓబులేసు వెనక్కి తిరిగి నవ్వాడు. "ఏమబ్బా, వెన్నలో కాలు పెట్టినట్ల ఉండాదే" అన్నాడు. ఓనరు నాకు చొక్కా గుడ్డ కొనిచ్చాడు. ఆ నీలం చారల చొక్కా గురించే కదా పోయిన ఉత్తరంలో అంత గొప్పగా రాశాను.

మూడు వారాలు బాగానే గడిచింది. ఆ తర్వాత ఆ చక్రాల బ్రేకు రెండు రోజులకొకసారి బిగించాల్సి వస్తోంది. నాకు అనుమానం తగిలింది. ఒక మంగళవారం రాత్రి ఎవరూ లేనప్పుడు చక్రం ఊడదీశాను. లోపల నీలం మచ్చలు. సంచిలో ఉన్న పుల్ల అప్పుడు తీశాను. అడ్డంగా పెడితే నిలబడకుండా జారి కింద పడింది. రెండోదీ అంతే. నేను ఏరి ఏరి, కొట్టి కొట్టి తెచ్చినవి రెండూ ఎవరో అరగదీసి పారేసినవి.

ఏం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చక్రం మళ్ళీ బిగించేశాను. సాబు రెండో కంటికి కూడా ఆపరేషను చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. ఇంకెవరికీ తెలియదు. చెప్తే పని పోతుంది, సాబు మాట పోతుంది, ఊరికి వచ్చి ఏం మొహం చూపించాలి అనుకున్నాను. జాగ్రత్తగా బిగిస్తూ పోతే నడుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. పొద్దున ఓబులేసు రాకముందే పోయి బిగిస్తున్నాను. సాయంత్రం బస్సు తిరిగొచ్చిన చప్పుడు వినేదాకా రోడ్డు వైపే చూస్తూ ఉంటాను. దొంగకు తేలు కుట్టినట్టుంది నా బతుకు. ఈ రోజుకు తొమ్మిది రోజులు. నా అలసట ఇదే అక్కా.

నిన్న నీ ఉత్తరం అందింది. రత్నమ్మ పెళ్ళికి మేనమామ చీర ధర్మవరంలోనే తీద్దామని, నువ్వు, బావ, పిల్ల, అవ్వ కూడా హిందూపురం వచ్చి నన్ను చూసి, ఇక్కడి నుంచి ఓబులేసు బస్సులో ధర్మవరం పోదామని రాయించావు. అందుకే ఈ ఉత్తరం. మీరు ఆ బస్సు ఎక్కవద్దు. హిందూపురం నుంచి ధర్మవరానికి రైలుంది. రైలులో పోదాం. రైలే మంచిది.

సోమవారం.

పైన ముక్క రాసి పదకొండు రోజులయింది. దాన్ని కొట్టివేయలేదు. కాగితం కూడా మార్చలేదు, నేను ఎట్లాంటివాణ్ణో నువ్వు తెలుసుకోవాలి గదా. అయ్యవారూ, ఇక మీరు అరుగు మీద కూర్చుని చదివినా ఫర్వాలేదు. ఇక్కడ ఊరంతటికీ తెలిసిపోయింది.

"రైలే మంచిది" అని రాసి, కలం పట్టుకుని ఆ మాటకేసి చూస్తూ కూర్చున్నాను. బయట హారను వినపడింది. ఓబులేసు బస్సు, మూడు గంటల ట్రిప్పు. తలుపులో నుంచి చూశాను. నిండా జనం. చింతపండు కొట్టే ఆడవాళ్ళు, చంకలో బిడ్డలు, పైన మూటలు. ఎవరో ఒక ముసలమ్మను ఇద్దరు రెక్కలు పట్టి ఎక్కిస్తున్నారు. ఆమెకూ మోకాళ్ళ నొప్పే, మెట్టు మీద కాలు పెట్టలేక "అమ్మా, అయ్యా" అంటోంది. నా అవ్వ రైలెక్కాలి, వీళ్ళ అవ్వ మాత్రం నేను తెచ్చిన డ్రమ్ముల మీద పోవాలి. ఇంతకన్నా నీచం ఏముంటుందక్కా? నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరుగెత్తి పోయి బస్సు ముందర నిలబడ్డాను.

"పక్కకు రాప్పా, టైమైపోయింది" అన్నాడు ఓబులేసు.

"బండి తీయద్దు. దిగు. డ్రమ్ములు బాగలేవు."

"ఏం డ్రమ్ములు? మొన్ననే గదా నువ్వు తెచ్చింది?"

"అవే. అరిగిపోయినవి తెచ్చినా. నాకు తెలుసు. తొమ్మిది దినాలుగా తెలుసు."

ఓబులేసు ఇంజను ఆపాడు. దిగి నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. చాలా మెల్లగా అడిగాడు. "నా పెద్దబిడ్డ సోమందేపల్లి బడికి దినమూ ఈ బస్సులోనే పోతాండాది. నీకు తెలుసు గదా?"

"తెలుసు."

ఓబులేసు వెనక్కి తిరిగి బస్సెక్కాడు. జనాన్ని దించడం మొదలుపెట్టాడు. వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు అయ్యవారు చదవగలిగినవి కావు. కొందరు స్టేషను వైపు పరుగెత్తారు. ఓనరు వచ్చాడు. ఎవరో పీరు సాబును కూడా పిలుచుకొచ్చారు. ఒక కంటికి ఇంకా కట్టు ఉంది. నేల మీద కూర్చుని, చక్రం ఊడదీయించి, పుల్ల అడ్డంగా పెట్టాడు. టంగుమని కింద పడింది. అందరూ విన్నారు.

సాబు తల ఎత్తకుండానే అడిగాడు. "తెలిసినాక ఈ తొమ్మిది దినాల్లో నువ్వు ఎన్ని మాట్లు ఎక్కినావురా ఈ బస్సు?"

"ఒక్క మాటు కూడా ఎక్కలేదు సాబూ."

అక్కా, ఆయన అడిగేదాకా నాకు ఆ సంగతే తెలియదు. నిజంగా తెలియదు. రెండుసార్లు పెనుకొండలో పని పడింది, రెండుసార్లూ రైలులో పోయాను. ఎందుకని నన్ను నేను అడుక్కోలేదు. నా కాళ్ళకు తెలుసు, నా నోటికే తెలియనట్టు నటించాను. సాబు లేచి, లుంగీ దులుపుకుని ఇంటికి పోయాడు. నాలుగు తగిలించి ఉంటే ఎంత బాగుండేదో.

నేను మూట కట్టుకుని ఓనరు దగ్గరికి పోయాను. ఆయన మూట చూసి, "పోతావా? పోతే నీకు సులువైపోతాది. యాడికీ పోవద్దు. ఈడనే ఉండి బస్సులు కడుగు" అన్నాడు. కనుక పని పోలేదు, అది నీకు చెప్పాల్సిన మంచి మాట. స్పానరు మాత్రం చేతికివ్వరు. బకెట్టు, చీపురు ఇచ్చారు. పొద్దున రెండు బస్సులు, సాయంత్రం రెండు బస్సులు కడుగుతున్నాను.

బస్సు పది రోజులు షెడ్డులోనే నిలిచిపోయింది. ఈసారి ఓనరు పాతవాటి మాటే ఎత్తలేదు. ఎవరెవరినో పట్టుకుని, బెంగళూరులో ఒక అంగట్లో కొత్త డ్రమ్ములు ఉన్నాయని కనుక్కున్నాడు. ఆయన, సాబు పోతూ నన్ను మోయడానికి తీసుకుపోయారు. సాబు ఎంచుకునేది చూస్తే నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలేదు. మొదట తూకం వేయించాడు, జతలో రెండూ సమానంగా తూగితే గానీ పక్కన పెట్టలేదు. ఒకే అచ్చులో పోసినవేనా అని వెనక గుర్తు వేలితో తడిమాడు. పుల్ల పెట్టాడు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఐమూలగా ఒకసారి. ఇరుసుకు తొడిగి తిప్పి, అంచు దగ్గర సుద్దముక్క పట్టుకున్నాడు. ఒకచోటే గీత పడితే వంకరున్నట్టు, చుట్టూ పడితే గుండ్రంగా ఉన్నట్టు. అన్నీ అయినాక, అన్నిటికన్నా చివర, స్పానరుతో కొట్టి విన్నాడు.

అప్పుడు, ఆ పదిరోజుల్లో మొదటిసారి, నాతో మాట్లాడాడు. "చెవి అబద్ధం చెప్పదురా. కానీ నువ్వు అడిగినదానికే జవాబు చెప్తాది. పగులుండాదా అని అడిగితే లేదంటాది. మందముండాదా అంటే దానికేం దెల్సు?"

తిరిగొచ్చాక డ్రమ్ములతో పాటు లైనింగులు కూడా కొత్తవే వేశాడు. పాత పట్టీలు పాత డ్రమ్ము వంపుకు అలవాటు పడి ఉంటాయి, కొత్తదానికి కూర్చోవు అన్నాడు. అన్నీ తన చేతులతోనే బిగించాడు. నేను పక్కన కిరసనాయిలు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. నిన్న మొదటి ట్రిప్పు. నేనూ ఎక్కుతాను సాబూ అని అడిగాను. "కట్టింది నేను, ఎక్కేది నేను" అని కంటికట్టుతోనే పోయి డ్రైవరు వెనక కూర్చున్నాడు. బస్సు పోయింది. నేను రెండో బస్సు కడుక్కుంటూ ఉండిపోయాను. చీకటి పడకముందే తిరిగొచ్చింది. ఓబులేసు దిగి, "బాగుండాది సాబూ, నిండు బస్సుతో పోయినా ఒక్క తొక్కుకే నిలబడింది" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నాకేసి చూడలేదు. ఇదివరకు ఆదివారం ఆదివారం వాళ్ళింటి నుంచి నాకు సంగటి తెచ్చేవాడు. నిన్న ఆదివారం. తేలేదు. తేవాలని నేను ఎట్ల అనుకుంటాను?

చీర గురించి బెంగపడవద్దు. పట్టుచీరే తీస్తాను, బస్సులు కడిగే కూలికి అంచు కొంచెం చిన్నదవుతుందేమో. అంతే. రత్నమ్మ ఆకుపచ్చ అడిగింది, ఆకుపచ్చే తీద్దాం. మేనమామ ఇట్లాంటివాడని పెళ్ళివాళ్ళకు తెలిస్తే ఏమవుతుందో అని ఒకసారి అనుకున్నాను. నువ్వు దాచాలనుకుంటే దాచు, చెప్పమంటే నేనే చెప్తాను. దాచిపెట్టే ఓపిక మాత్రం నాకు లేదు, ముందే చెప్తున్నా. బావకు నమస్కారాలు. అవ్వకు ఆముదం పట్టు తప్పకుండా వేయించు, నేను చెప్పానని చెప్పు, తిడితే పడు. అయ్యవారి కాళ్ళకు మొక్కుతున్నాను.

ఇక మీ ప్రయాణం. పైన రైలన్నాను, కింద బస్సు బాగుందన్నాను, ఇంతకీ ఏది ఎక్కమంటావురా అని నువ్వు అడుగుతావు. నేను చెప్పనక్కా. హిందూపురంలో దిగినాక నువ్వే పోయి ఓబులేసును అడుగు. నేను పక్కన ఉండను. అతను ఎక్కమంటే, అవ్వను కూడా నిశ్చింతగా ఎక్కించి ముందు సీట్లో కూర్చోబెట్టు. నా మాట మీద మాత్రం ఎక్కవద్దు.

తిట్టుకుంటూ అయినా సరే, నన్ను ఒకసారి దీవించు.

నీ తమ్ముడు
నరసింహులు